దాహం మేడం

ఆ మెడికల్ కాలేజీలో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె దాహం మేడం. మొదటి ఏడాది పిల్లలకు ఫిజియాలజీ చెప్పేది. గుండె, ఊపిరితిత్తులు, మెదడు లాంటి గొప్ప పాఠాలన్నీ పైవాళ్లు పంచుకోగా మిగిలినవి ఆమె వంతుకు వచ్చేవి: మూత్రపిండాలు, ఉప్పు, చెమట, నీళ్లు. వాటిలోనూ దాహం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మారేది. "ఆకలి అరుస్తుంది. నొప్పి ఏడుస్తుంది. దాహం మాత్రం మనిషికి వయసు మీదపడేకొద్దీ మాట్లాడటం మానేస్తుంది. దాహం వెయ్యలేదంటే ఒంట్లో నీళ్లున్నాయని అర్థం కాదు" అని ప్రతి ఏడూ అదే మాట, అదే చోట ఆగి చెప్పేది. వెనక బెంచీలో ఎవడో ఒకడు బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని గటగటా తాగుతున్నట్టు అభినయించేవాడు. అలా ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమెకు తెలుసు. కోపం లేదు. పేరంటూ పెట్టారంటే ఎంతో కొంత విన్నట్టే కదా అనుకునేది.

డాక్టరే గానీ రోగులు లేని డాక్టరు. "మా అక్క డాక్టరండీ, కానీ సూది కూడా వెయ్యదు" అని ఆమె చెల్లెలు నవ్వుతూ పరిచయం చేసేది. చుట్టాలు మోకాళ్ల నొప్పులు చెప్పుకోవడం మొదలుపెట్టి, సగంలో గుర్తొచ్చి, "అయినా నీకేం తెలుసులే" అని ఆపేసేవాళ్లు. చదువుకునే రోజుల్లో ఆమెకూ పిల్లల డాక్టరు కావాలని ఉండేది. చదువు పూర్తయిన ఏడాదే తండ్రి పోయాడు. వెంటనే దొరికిన ఉద్యోగం ఫిజియాలజీలో. ఒక్క ఏడాది చేసి మళ్లీ చదువుకుందామనుకుంది. ఆ ఒక్క ఏడాది సాగిసాగి జుట్టు నెరిసేదాకా వచ్చింది. పెళ్లి సంగతీ అంతే. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి పాపం ఆమె దగ్గర ఒక కథ కూడా లేదు. కొన్ని సంబంధాలు వాళ్లకు నచ్చలేదు, కొన్ని ఈమెకు నచ్చలేదు, ఈలోగా తల్లి మంచాన పడింది, చెల్లెలు పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. తల్లి కూడా పోయాక మూడో అంతస్తులోని రెండు గదుల ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. ఒంటికాయ శొంఠికొమ్ము అని కింది అంతస్తువాళ్లు అనుకుంటుంటే ఒకసారి మెట్ల మీద విని, వినపడనట్టు దిగిపోయింది.

తల్లి మంచంలో ఉన్నప్పుడు ఆమె ఒకటి గమనించింది. పొద్దున కాలేజీకి వెళ్తూ తల్లి పక్కన స్టూలు మీద గ్లాసుడు నీళ్లు మూతపెట్టి వెళ్లేది. సాయంత్రం వచ్చి చూస్తే గ్లాసు అలాగే ఉండేది. "దాహం వెయ్యలేదా అమ్మా?" అంటే, "ఒక్కదాన్నే ఏం తాగుతానే? నువ్వొచ్చాక తాగుదామని" అనేది తల్లి. కూతురు చెప్పులు విప్పేలోపు గ్లాసు ఖాళీ చేసేది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె వెతికింది కూడా. ఒక్కరే ఉండేవాళ్లు నీళ్లు తక్కువ తాగుతారా అన్న ప్రశ్న అప్పటినుంచీ ఆమె మనసులో ఉండిపోయింది. ఇంటింటికీ వెళ్లి అడగడానికి మాత్రం ఒక్క విద్యార్థీ దొరకలేదు.

ఆ కాలేజీలో వేసవి సెలవుల్లో పరిశోధన శిక్షణ అని ఒకటుండేది. ఇష్టమున్న విద్యార్థులు ఇళ్లకు వెళ్లకుండా ఉండిపోయి, ఒక్కొక్కరు ఒక్కో గైడ్ దగ్గర చేరి, ఒక చిన్న ప్రశ్న పట్టుకుని దానికి జవాబు వెతకాలి. సెలవుల చివర్లో హాల్లో అందరి ముందూ నిలబడి చెప్పాలి. గైడ్‌ల పేర్లు నోటీసు బోర్డు మీద పెడితే విద్యార్థులు తమకు నచ్చిన పేరు కింద రాసుకునేవాళ్లు. గుండె డాక్టరు పేరు కింద చోటు చాలక పేర్లు పక్కకి పాకి, అంచులు దాటి, కాగితం వెనక్కి కూడా పోయేవి. దాహం మేడం పేరు కింద మాత్రం కాగితం తెల్లగా మెరిసేది. ఆటలో అరటిపండులా ఆమె పేరు ఏటా బోర్డు మీద ఉండేది, అంతే. వరండాలో ఎవరూ లేని సమయం చూసుకుని ఆమె ఆ బోర్డు ముందునుంచి నడిచి వెళ్లేది. ఆగేది కాదు. నడుస్తూనే కంటి చివరతో చూసుకుని వెళ్లిపోయేది.

ఆ ఏడాది సెలవులు మొదలై వారం గడిచాక, మధ్యాహ్నం పూట, ఒక పిల్ల ఆమె గది గుమ్మంలో నిలబడింది. పొడుగ్గా, పీలగా, కళ్లలో ఇంకా పచ్చదనం పోని మొహంతో ఉంది. పచ్చకామెర్లు వచ్చి ఇంటి దగ్గర ఉండిపోయి ఆలస్యంగా వచ్చిందట.

"మేడం, ఆఫీసులో మీ దగ్గరికి వెళ్లమన్నారు."

"ఎందుకన్నారు?"

పిల్ల నీళ్లు నమిలింది. "నేను గుండె డాక్టరుగారి దగ్గర చేద్దామనుకున్నాను మేడం. లేట్ అయిపోయిందన్నారు. ఇంకెక్కడా ఖాళీ లేదని..."

"నా దగ్గర ఎప్పుడూ ఖాళీయే. రా, కూర్చో."

ఆ గది వరండా చివర ఉండేది. ఒకప్పుడు కప్పలమీద ప్రయోగాలు చేసిన గాజు తొట్టి మూలన ఉత్తదే పడి ఉంది. కండరం కదలికను గీసే పాత డ్రమ్ము ఒకటి బీరువా పైన దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పిల్ల వాటన్నిటినీ చూస్తూ కూర్చుంది. బతుకు ఏ మూలకొచ్చి పడిందిరా దేవుడా అన్నట్టు ఉన్న ఆ చూపును మేడం గమనించింది. గమనించి, లేచి ఫ్యాను ఆ పిల్ల వైపు తిప్పింది.

మొదటి మూడు రోజులూ ఆమె ఆ పిల్ల చేత ఒక్క వాక్యం రాయించింది. పిల్ల మొదట "వృద్ధుల్లో నీటి లోపం - ఒక సమగ్ర అధ్యయనం" అని రాసుకొచ్చింది.

"సమగ్రంగా చెయ్యడానికి దేవుడున్నాడు. మనం ఈ సెలవుల్లో చేసేదేంటో చెప్పు" అంది మేడం.

పిల్ల మూతి ముడుచుకుని వెళ్లి మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేసింది మేడం. మూడోరోజు సాయంత్రానికి అది ఇలా తేలింది: 'ఇంట్లో ఒక్కరే ఉండే పెద్దవాళ్లు, ఇంట్లో మనుషులున్న పెద్దవాళ్లకంటే తక్కువ నీళ్లు తాగుతారా?'

"ఇంతేనా మేడం?" అంది పిల్ల.

"ఇంతే. ప్రశ్న ఇంత చిన్నగా ఉంటేనే జవాబుకి దారి దొరికేది."

కాలేజీ వెనక వీధుల్లో పాత అపార్ట్‌మెంట్లు ఉండేవి. ఉద్యోగాల నుంచి రిటైరైన పెద్దవాళ్లు ఎక్కువగా అక్కడే ఉండేవాళ్లు. కొందరు పిల్లలతో, కొందరు భార్యాభర్తలిద్దరే, కొందరు ఒంటరిగా. పద్ధతి తేలికే. ఒప్పుకున్నవాళ్లకు గీతలు గీసిన ఒక సీసా ఇవ్వాలి. రోజంతా ఆ సీసాలో నీళ్లే తాగాలి. పిల్ల రోజు మార్చి రోజు వెళ్లి ఎంత తాగారో చూసి రాసుకోవాలి. దాంతోపాటు లేత పసుపునుంచి గోధుమరంగు దాకా చారలున్న ఒక అట్ట ఇవ్వాలి. పొద్దున్నే మూత్రం ఏ రంగులో ఉందో వాళ్లే చూసుకుని ఆ చార పక్కన టిక్కు పెట్టాలి. ఒంట్లో నీళ్లు తక్కువైతే రంగు ముదురుతుంది. సీసా మర్చిపోయినా రంగు మర్చిపోదు అనేది మేడం.

మొదటి ఇంట్లోనే పిల్లకు తల బొప్పి కట్టింది. ఆ ఇంటావిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసేది. పిల్ల తలుపు కొట్టి, కాగితం చూస్తూ, "మీరు ఒంటరిగా నివసిస్తున్నారా?" అని అడిగింది.

"దొంగలు కూడా ముందు అదే కనుక్కుంటారమ్మా" అని ఆవిడ తలుపేసేసింది.

పిల్ల ఏడుపు మొహంతో తిరిగొచ్చింది. మేడంకి నవ్వాగలేదు. ఆ గదిలో ఎవరైనా పైకి నవ్వి ఎన్నాళ్లయిందో. నవ్వి, కళ్లు తుడుచుకుని చెప్పింది: "కాగితం సంచీలో పెట్టు. ఎండన పడి వెళ్తున్నావు కదా, ముందు మంచినీళ్లడుగు. దాహమని వచ్చినవాళ్ల మొహాన ఎవరూ తలుపెయ్యరు. వాళ్లు గ్లాసు తెచ్చేలోపు కూర్చో. వాళ్లనీ కూర్చోబెట్టు. ఆ తర్వాత చెప్పు, ఎందుకొచ్చావో."

ఆ మాట మంత్రంలా పనిచేసింది. టెలిఫోన్ ఆవిడ కూడా తలుపు తీసింది. వారం తిరిగేసరికి పిల్లకు ఆ వీధులన్నీ సొంతింటిలా అయిపోయాయి. సాయంత్రం గదికి వచ్చి కూర్చుని కథలు కథలుగా చెప్పేది. టెలిఫోన్ ఆవిడ ఇప్పటికీ "హలో" అనగానే మనిషి ఏ మూడ్‌లో ఉన్నాడో చెప్పేస్తుందట. ఒక ఇంట్లో భార్యాభర్తలు సీసా ఎవరిదో తేలక పోట్లాడుకున్నారట. గోడ గడియారాలు బాగుచేస్తూ బతికి, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన ఇంట్లో ఒకే ఒక్క గడియారం ఉందట, అదీ పక్కింటివాళ్లు రిపేరుకిచ్చిందేనట.

మేడం వింటూ, మధ్యలో ఆపి, "నువ్వు ఎలా అడిగావు? అందరికీ అదే మాటా? జవాబు నువ్వే అందించలేదు కదా?" అని సరిదిద్దుతూ ఉండేది. పాఠం కాదు అది, ముచ్చట. ఆమె ఇంటినుంచి ఇంకో కప్పు తెచ్చి గదిలో పెట్టింది. సాయంత్రం అయ్యేసరికి వరండాలో ఏ చెప్పుల చప్పుడైనా తలెత్తి చూసేది. చెల్లెలు ఫోన్ చేసి, "సెలవులకి రావా అక్కా?" అంటే, "ఈసారి కుదరదే. నా దగ్గర స్టూడెంట్ ఉంది" అంది. అని, ఫోన్ పెట్టేశాక ఆ మాట ఇంకోసారి తనలో తనే అనుకుంది.

అంకెలన్నీ చేతికొచ్చాక ఒక మధ్యాహ్నం ఇద్దరూ బల్ల ముందు కూర్చుని కూడికలు వేశారు. తేడా లేదు. ఒంటరివాళ్లు మిగతావాళ్లతో సమానంగా తాగారు. ఇంకా చెప్పాలంటే ఓ గుక్క ఎక్కువే తాగారు.

పిల్ల నీరుగారిపోయింది. "గుండె డాక్టరుగారి దగ్గర అందరికీ మంచి రిజల్ట్ వచ్చిందంట మేడం. మనకే..."

"లేదు అన్నదీ జవాబే" అంది మేడం. అన్నదే గానీ ఆమెకూ లోపల ముల్లు దిగింది. తల్లి గ్లాసు కళ్లముందు కనిపించి, నేనే పొరబడ్డానా అనుకుంది. అట్టలు ముందేసుకుని ఒక్కొక్కటే తిప్పింది. గడియారాల పెద్దాయన అట్ట దగ్గర ఆగింది. సీసా ప్రకారం అందరికంటే ఎక్కువ తాగింది ఆయనే. రంగు ప్రకారం ఆయన ఒంట్లో నీటి చుక్క లేదు. టిక్కులన్నీ ముదురు చారల దగ్గరే ఉన్నాయి.

మర్నాడు ఇద్దరూ కలిసి ఆయన ఇంటికి వెళ్లారు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి గానీ మనిషి ఉత్సాహంగా ఎదురొచ్చాడు. కుర్చీలు తుడిచాడు. మేడం కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆ ఎండలకు వీధిలో అందరి కుండీల్లో మొక్కలూ మాడి మసైపోతే, ఆయన కిటికీలో మాత్రం ఒక మొక్క పచ్చగా, ఆకు మీద ఆకు వేసి, కమ్ముకుని ఉంది.

"మొక్క బాగుందండీ" అంది మేడం.

పెద్దాయన ఆమె మొహం చూశాడు, పిల్ల మొహం చూశాడు. దొరికిపోయానని అర్థమైంది. "సీసా ఖాళీ చేసింది నేనేనండీ. తాగింది మాత్రం అది" అన్నాడు.

"ఎందుకు తాతగారూ?" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

"మొదట్లో రెండుసార్లు సీసా నిండుగా ఉంటే నీ మొహం ఎలా పెట్టావో నీకు తెలీదమ్మా. పరీక్ష తప్పినట్టు పెట్టావు. నాకా, తాగబుద్ధి కాదు. నా వల్ల నీ మార్కులు పోతాయేమో అనిపించింది."

"మరి అట్ట మీద నిజమే పెట్టారు కదా?" అంది మేడం.

"అది నేను కళ్లతో చూసి పెట్టేది కదండీ. అబద్ధం ఎలా పెడతాను?" అన్నాడాయన, ఆ ప్రశ్నకు నొచ్చుకున్నట్టు. నేల చూస్తూ, "ఇంకోటి కూడా ఉందిలెండి. ఈయన తాగట్లేదు, ఈయన పనికిరాడు అనుకుని ఇంకొకరి ఇంటికి వెళ్లిపోతుందేమోనని..." అన్నాడు.

మేడం లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన బుద్ధిగా తాగాడు. ఇంకో గ్లాసిస్తే అదీ తాగాడు.

ఇద్దరూ తిరిగి గదికి వచ్చారు. పిల్ల తన కాగితాలు తీసుకుని మూలకు పోయి కూర్చుంది. చాలాసేపటికి, "మేడం, ఇటు చూడండి" అంది. మధ్యలో ఆ పిల్లకు జ్వరమొచ్చి వారం పాటు ఎవరింటికీ వెళ్లలేదు. ఆ వారం ఎవరికి వాళ్లే రాసి ఉంచారు. ఇంట్లో మనుషులున్నవాళ్ల అంకెలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఒంటరివాళ్ల అంకెలు మాత్రం సగానికి పడిపోయాయి. టెలిఫోన్ ఆవిడవీ, మిగతావాళ్లవీ కూడా. పిల్ల మళ్లీ వెళ్లిన రోజునుంచి లేచి నిలబడ్డాయి.

"నేను వెళ్లి మంచినీళ్లడిగితే వాళ్లూ తమ సీసాలోంచి ఓ గ్లాసు వంచుకుని నాతోపాటు తాగేవాళ్లు మేడం. నేను వస్తానని ముందే సీసా నింపుకుని కూర్చునేవాళ్లు. అంటే మనం కొలిచింది వాళ్ల దాహాన్ని కాదు. నేను వెళ్లడాన్ని."

మేడం కుర్చీలో వెనక్కి వాలింది. మంచినీళ్లడగమని చెప్పింది తనే. ఇన్నేళ్లు దాచుకున్న ప్రశ్నని తన నోటి మాటతో తనే పాడుచేసుకుంది. "తప్పు నీది కాదు. నాది" అంది.

పిల్ల కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, మెల్లగా అంది: "తాతగారిని తీసేసి, నేను వెళ్లని వారం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే మనం అనుకున్నదే వస్తుంది మేడం. బహుమతి కూడా రావచ్చు. ఎవరికీ తెలీదు."

"మనిద్దరికీ తెలుసుగా."

పిల్ల సిగ్గుపడింది. మేడం తిట్టలేదు. ఆ వయసులో తనకూ అలాంటి ఆలోచన వచ్చి ఉండేదని ఆమెకు తెలుసు. జరిగింది జరిగినట్టే రాయించింది. మొక్కతో సహా.

హాల్లో చెప్పే రోజు మేడం చివరి వరసలో కూర్చుంది. పిల్ల తడబడకుండా చెప్పింది. అంతా విని గుండె డాక్టరు నవ్వుతూ లేచాడు. "అయితే అమ్మాయ్, కొలవడానికి వెళ్లినవాళ్లే కొలతని చెడగొట్టారన్న మాట! నీళ్లు మొక్క తాగింది, మార్కులు మీరడుగుతున్నారు." హాలంతా ఘొల్లుమంది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నవ్వులు తగ్గేదాకా ఆగి, "అవును సార్. నేను వెళ్తే తాగారు. వెళ్లకపోతే తాగలేదు. నాకు తెలిసింది అంతే సార్" అని చెప్పి దిగిపోయింది. బహుమతి ఇంకెవరికో వచ్చింది. మేడంకి మాత్రం ఆ పిల్ల "అంతే సార్" అన్న తీరు చాలు. చప్పట్లు కొట్టేవాళ్లు తక్కువగా ఉండటంతో తన చప్పట్లు తనకే గట్టిగా వినిపించి ఆపేసింది.

సెలవులు ఇంకో నాలుగైదు రోజులు ఉన్నాయి. "ఇంకో పని మిగిలింది. ప్రతి ఇంటికీ వెళ్లి, అయిపోయిందని చెప్పి రావాలి" అంది మేడం.

"ఫోన్ చేసి చెప్తే సరిపోదా మేడం?"

"వెళ్లేటప్పుడు ఫోన్‌లో వెళ్లావా?"

పిల్ల తల వంచుకుంది. "నాకు చెప్పడం రాదు మేడం. వాళ్లు ఎదురుచూస్తారు. అప్పుడప్పుడూ వస్తూ ఉంటానని చెప్పొచ్చా?"

"వస్తావా?"

పిల్ల ఆలోచించింది. ఇక ఆసుపత్రి వార్డులు మొదలవుతాయి. పొద్దున వెళ్తే రాత్రికిగానీ హాస్టల్ మొహం చూడటం కుదరదు. ఈసారి అబద్ధం చెప్పాలనిపించలేదు. "చెప్పలేను మేడం" అంది.

"అయితే చెప్పకు. వస్తానని చెప్పి రాకపోతే వాళ్లు కళ్లు కాయలు కాచేలా గుమ్మం వైపు చూస్తారు. రానని చెప్తే ఒక పూట బాధపడి ఊరుకుంటారు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. పిల్ల కాసేపు ఆమెనే చూసి, తన కాగితాలు సర్దుకోవడంలో పడింది.

ఇద్దరూ కలిసి అన్ని ఇళ్లకూ తిరిగారు. మనుషులున్న ఇళ్లలో తేలికగానే అయిపోయింది. "అయిపోయిందా? మంచిదమ్మా, బాగా చదువుకో" అన్నారు, లోపల టీవీ ఆపకుండానే. టెలిఫోన్ ఆవిడ సీసా కడిగి తుడిచి తెచ్చిచ్చి, "లైన్ కట్ అన్న మాట" అని నవ్వింది. నవ్వినంత సేపూ పిల్ల చెయ్యి వదల్లేదు. గడియారాల పెద్దాయన కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు, రోజు మార్చి రోజు వేసుకున్నట్టే. పిల్ల ఆ చొక్కా వైపే చూస్తూ నిలబడిపోయింది. చివరికి మేడమే చెప్పాల్సొచ్చింది.

"సెలవులు అయిపోయాయన్న మాట" అన్నాడాయన. "పిల్లలకి సెలవులు అయిపోవాల్సిందే కదండీ." సీసా ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఉంచుకోమంది మేడం.

కాలేజీ తెరిచారు. పిల్ల మొదటి వారంలో ఒకసారి గదికి వచ్చింది, వార్డుల కబుర్లు చెప్పింది, టీ తాగింది. ఆ నెలాఖరున గుమ్మంలో నిలబడే పలకరించి వెళ్లింది. ఆ తర్వాత వరండాలో సర్జన్ వెనక నడిచే తెల్లకోట్ల గుంపులో కనిపించేది. "గుడ్ మార్నింగ్ మేడం" అని, తలూపి, గుంపుతో పాటు మలుపు తిరిగేది. తప్పేమీ లేదు. డాక్టరయ్యే పిల్ల ఉండాల్సిన చోటే ఉంది. మేడం రెండో కప్పు కొన్నాళ్లు కడుగుతూ వచ్చి, తర్వాత బీరువాలో పెట్టేసింది.

ఒక ఆదివారం ఆమె ఉండబట్టలేక గడియారాల పెద్దాయన ఇంటికి వెళ్లింది. ఎండలు తగ్గాయి గానీ మనిషి ఎలా ఉన్నాడో చూద్దామని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆమె వెనక గుమ్మం వైపు ఒకసారి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరని తెలిశాక కూడా మర్యాద తగ్గలేదు. వాతావరణం గురించి నాలుగు మాటలు మాట్లాడుకున్నారు. మాటలు అయిపోయాయి. ఆ పిల్ల నడిపిన ముచ్చట్లను సాగదీయడం తనవల్ల కాదని ఆమెకు అక్కడే తెలిసిపోయింది. ఎదురుచూసే జబ్బు ఆయనదో తనదో అని కూడా అనుమానం వచ్చింది. రెండు మూడు వారాలు వెళ్లింది. చలి మొదలయ్యేసరికి ఆయన్ని తమ్ముడు వచ్చి తన ఊరు తీసుకెళ్లాడని పక్కింటివాళ్లు చెప్పారు. మొక్కని ఏం చేశాడో అడుగుదామనుకుని, బాగుండదని ఊరుకుంది.

టెలిఫోన్ ఆవిడతో మాత్రం కాస్త కుదిరింది. ఆవిడకు మాట్లాడించే విద్య ఉంది. మేడం సోఫా అంచున కూర్చుని, నీళ్లు బాగా తాగుతున్నారా అని అడుగుతుంటే, ఆవిడ ఒకరోజు మధ్యలో అడ్డుపడింది.

"ఎప్పుడూ నన్నే అడుగుతారు. మీ ఇంట్లో ఎవరెవరుంటారు డాక్టరుగారూ?"

"నేనొక్కదాన్నేనండీ."

"ఎన్నాళ్లనుంచి?"

మేడం చెప్పింది.

ఆవిడ కళ్లజోడు తీసి ఆమెను ఎగాదిగా చూసింది. "మరి మీకు సీసా ఎవరిచ్చారు?"

మేడం నవ్వేయబోయింది, రాలేదు. అంత మందిని కూడి తీసివేసిన లెక్కలో తానూ ఒకతిగా ఉండాల్సిందన్న ఊహ ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ రోజు పొద్దుటినుంచీ తను ఏం తాగిందో గుర్తుచేసుకోబోయింది. కాలేజీ లేని రోజు. టీ తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. టీవీలో ఏదో వస్తుంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత నెలకు ఒకటి రెండు ఆదివారాలు వెళ్లేది. ఒక్కోసారి ఆవిడకు చెవి సరిగా వినపడక తలుపు తీసేది కాదు. కాసేపు నిలబడి మేడం వెనక్కి వచ్చేసేది. స్నేహం అనేంత పెద్ద మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మళ్లీ వేసవి వచ్చింది. బోర్డు మీద గైడ్‌ల పేర్లు పెట్టారు. ఈసారి ఆమె చూడలేదు. ఒక అబ్బాయి గుమ్మంలోకి వచ్చి నిలబడితేనే తెలిసింది, తన పేరు కింద ఎవరో రాశారని.

"నువ్వే రాసుకున్నావా? ఆఫీసువాళ్లు పంపారా?"

"నేనే మేడం. సీనియర్ అక్క చెప్పింది. మీ దగ్గరైతే తిట్లుండవంట. సాయంత్రం త్వరగా వదిలేస్తారంట."

మేడం ఆ అబ్బాయిని కాసేపు చూసింది. గొప్ప సిఫారసే. "ఇంకేం చెప్పింది?"

"ఇంకేం చెప్పలేదు మేడం."

ఆమె ఫ్యాను అతని వైపు తిప్పి కూర్చోమంది. ఈసారి ప్రశ్న ఏదైనా సరే, పద్ధతి ఒకటి ముందే నిర్ణయించుకుంది. "ఏ ఇంటికి వెళ్లినా మొదటి రోజే ఒక మాట చెప్పాలి. నువ్వు ఎప్పటిదాకా వస్తావో, ఏ రోజు ఆపేస్తావో. ఇంకేదీ అడగకముందే చెప్పాలి. అది చెప్పకుండా ఏ పేరూ రాసుకోకు."

"అలా చెప్తే ఒప్పుకోరేమో మేడం."

"ఒప్పుకోకపోతే ఊరుకుందాం."

అబ్బాయి అది రాసుకున్నాడు. మెస్సు మూసేస్తారేమోనని గడియారం చూసుకున్నాడు. "వెళ్లిరా, తినేసి రా" అంది మేడం. అతను వరండాలో పరిగెత్తుకుంటూ వెళ్లిపోయాడు. చప్పుడు మెట్లు దిగి వినపడకుండా పోయేదాకా కూర్చుని, ఆమె తన టిఫిన్ డబ్బా తెరుచుకుంది.